కంట్రోల్ గ్రూపులో జిప్పులక్క

జూన్ పన్నెండో తేదీ ఉదయం పదిన్నరకు అసమానతల నిర్మూలన మంత్రిగారు, అసమానతల్ని ఇప్పట్లో నిర్మూలించబోవడం లేదని సగర్వంగా ప్రకటించారు.

"ముందు కొలుస్తాం. కొలవకుండా నిర్మూలిస్తే, ఎంత నిర్మూలించామని రేపు మీరడిగితే నేనేం చెప్పాలి?" అన్నారు.

ఇంత ముందుచూపున్న మంత్రిని విలేకరులు అంతకుముందు చూసి ఎరగరు. రాసుకోవడం మానేసి చప్పట్లు కొట్టారు. చేతివృత్తుల వాళ్లను పారిశ్రామికవేత్తలుగా మార్చే పరిశోధన ఒకటి వెంటనే మొదలవుతుందన్నారు మంత్రిగారు. అందుకు సచివాలయం వెనకున్న దర్జీల వీధిని ఎంపిక చేశారు. పేదరికం అక్కడే ఎక్కువని కాదు. మంత్రిగారి కిటికీలోంచి ఆ వీధి బాగా కనిపిస్తుంది.

ఆ వీధిలో దర్జీలు నలుగురు. ముగ్గురికి షట్టరున్న కొట్లున్నాయి. నాలుగో మనిషి జిప్పులక్క. మూడంతస్తుల భవనంలో మెట్ల కింద ఆమె మిషను, ఒక స్టూలు, పొడవుల వారీగా జిప్పులు సర్దిన బిస్కెట్ డబ్బాలు. ఏ బ్యాగుకైనా, ఏ ప్యాంటుకైనా జిప్పు పాడైతే ఊరంతా ఆమె దగ్గరికే వస్తుంది. ఏమరుపాటున లేచి నిలబడితే ఐదో మెట్టు నడినెత్తికి తగులుతుంది. ఇరవై రెండేళ్లుగా తగులుతూనే ఉంది.

పద్నాలుగో తేదీన పరిశోధనాధికారి స్కూటరు మీద వచ్చాడు. కుర్రవాడే, కళ్లజోడు మాత్రం పెద్దది. హెల్మెట్లో నాలుగు చీటీలు వేసి తీయమన్నాడు. జిప్పులక్క అన్నయ్యలని పిలిచే మిగతా ముగ్గురు దర్జీలకీ 'శిక్షణ' అని వచ్చింది. జిప్పులక్క చీటీలో 'కంట్రోల్' అని ఉంది.

"అంటే నేనేం చెయ్యాలి బాబూ?"

"మీరేం చెయ్యకూడదమ్మా. వాళ్లు ఎంత బాగుపడ్డారో తెలియాలంటే, బాగుపడని మనిషి ఒకరు పక్కన ఉండాలిగా. ఇప్పుడెలా ఉన్నారో అలాగే ఉండండి, చాలు."

"ఎన్నాళ్లు?"

"సెప్టెంబరు ఆఖరు దాకా."

"అదెంతసేపు. నాకు అలవాటేగా," అంది జిప్పులక్క.

అధికారి సంతోషించి, 'కంట్రోల్ గ్రూపు, నెం. 4, జూన్ 14' అని రాసిన కార్డు ఆమె తల పైన మెట్టుకున్న మేకుకు తగిలించి వెళ్లాడు.

అన్నయ్యలకు ఒక పెద్ద హోటలు మూడో అంతస్తులో, ఏసీ హాల్లో శిక్షణ మొదలైంది. ఎదుటివాడి కళ్లలోకి చూడటం, చేయి గట్టిగా పట్టుకుని ఊపడం, పదేళ్ల తర్వాత తామెక్కడ ఉంటారో కళ్లు మూసుకుని చూడటం నేర్పారు. పాత అలవాట్లు వదలాలి కనుక శిక్షణ అయ్యేదాకా కొట్లు తెరవకూడదన్నారు. మూడు షట్టర్లకూ శాఖవారే బోర్డులు కట్టారు: 'అభివృద్ధి చెందుతున్నాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.'

ఖాతాదారులు ఆ బోర్డులు చదివి, సంతోషించి, బట్టలు పట్టుకుని మెట్ల కిందికి వచ్చారు.

నెల తిరిగేసరికి జిప్పులక్కకు తల ఎత్తే తీరిక లేదు. ఎత్తినా మెట్టే తగులుతుంది కనుక అదీ మంచికే. ఫ్యాక్టరీ మూతపడి నాలుగు నెలలుగా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న చెల్లెలికి కబురు పెట్టింది. దాచుకున్నదంతా ఊడ్చి పాత మిషనొకటి కొంది. కింద వాటాలో ఖాళీగా ఉన్న షట్టరు గది కోసం భవనం యజమానిని బతిమాలింది.

"అక్టోబరు ఒకటి దాకా ఆగుతానమ్మా. ఆ రోజుకి రెండు మిషన్లూ గదిలో ఆడుతుండాలి. లేదంటే సెల్‌ఫోన్ల కొట్టతనికి ఇచ్చేస్తా," అన్నాడాయన.

మరుసటి సోమవారం అధికారి ప్రశ్నాపత్రంతో వచ్చాడు. 'గత వారం మీకు పైకి రావాలని అనిపించిందా? ఎప్పుడూ, అప్పుడప్పుడూ, చెప్పలేను' అని అడుగుతూ మెట్ల కిందికి వంగి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఇదేంటమ్మా?"

"మిషను."

"ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు బాబూ."

"ఎవరూ ఇవ్వకుండా ఎలా వస్తుంది?"

"కొంటే వస్తుంది."

అధికారి మెట్టు మీద కూలబడ్డాడు. "కొంప ముంచావు కదమ్మా! నిన్ను నమ్ముకుని ఉన్నాం. బాగుపడనని మాటిచ్చావుగా."

"కావాలని బాగుపడలేదు బాబూ. జరిగిపోయింది," అని చెల్లెలు అడ్డుపడింది. "ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి."

వదిలేయడానికి అది చిన్న తప్పు కాదు. మర్నాడు రెండు జీపుల్లో డైరెక్టరుగారు దిగారు. మంత్రిగారు అధ్యక్షులుగా ఉన్న సంఘం అత్యవసరంగా సమావేశమైంది. రెండో మిషనుకు గుడ్డ కప్పి, తాడు చుట్టి, నాలుగు చోట్ల లక్క ముద్ర వేశారు.

"మీ అభివృద్ధిని ఆపామనుకోకండమ్మా. భద్రపరిచాం," అన్నారు డైరెక్టరుగారు. "సంఘం అధ్యక్షుల సంతకం లేకుండా ముద్ర తీస్తే నేరం."

ఆమె మళ్లీ బాగుపడకుండా చూసేందుకు ఒక కాపలాదారుణ్ణి పెట్టారు. ఎండ తగులుతోందని అతనికి గొడుగిచ్చారు. గొడుగుకు రిజిస్టరు కావాలని ఒక గుమాస్తాను వేశారు. అలా ఆ పరిశోధన వల్ల దర్జీల వీధిలో రెండు కొత్త ఉద్యోగాలు పుట్టాయి. చెల్లెలు మాత్రం రోజూ పొద్దున వచ్చి, గుడ్డ కప్పిన మిషను ముందు కూర్చుని, సాయంత్రం వెళ్లిపోయేది.

"అక్కా, పోనీ ఈ గొడుగు పట్టుకునే పనైనా నాకిస్తారేమో అడగవే."

"నోరు మూసుకుని ఆ హుక్కులు కుట్టు," అనేది జిప్పులక్క, కాపలాదారు టీకి వెళ్లాక.

సెప్టెంబరులో లెక్క తేలింది. శిక్షణ పొందిన ముగ్గురి దగ్గరా గట్టి కరచాలనం ఉంది, ఖాతాదారులు లేరు. ఇద్దరు ఊరొదిలి వెళ్లిపోయారు. కంట్రోల్ గ్రూపు మాత్రం అడ్డూ అదుపూ లేకుండా బాగుపడింది. డైరెక్టరుగారు మెట్ల కింద స్టూలు మీద కూర్చుని తల గోక్కున్నారు.

"ఫలితం మారడానికి వీల్లేదమ్మా. కాబట్టి మిమ్మల్ని మారుస్తున్నాం. ఈ రోజు నుంచి మీరు శిక్షణ పొందినవారు. ముప్పయ్యో తేదీన హోటల్లో ఫలితాలు ప్రకటించే సభలో ముందు వరసలో కూర్చోవాలి."

"మరి నా మిషను ముద్ర?"

"సభ కానివ్వండి, చూద్దాం."

సర్కారు వారి 'చూద్దాం' అంటే ఏమిటో జిప్పులక్కకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. సభ అయ్యాక ఒకటో తేదీకి ఒక్క రోజే ఉంటుంది.

ముప్పయ్యో తేదీన హోటలుకు వెళ్లి లిఫ్టు ఎక్కబోతే, లోపల యూనిఫారంలో కోట్ల మాస్టరు నిలబడి ఉన్నాడు. వీధిలో అందరికంటే పెద్ద దర్జీ ఆయన.

"అన్నా, నువ్వా?"

"శిక్షణకు రోజూ ఇందులోనే ఎక్కేవాణ్ణి కదా చెల్లెమ్మా. అలా పరిచయమై ఉద్యోగం దొరికింది. ఎన్నో అంతస్తు?" అని ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. నేర్చుకున్నది వృథా పోనివ్వలేదు.

మూడో అంతస్తులో విదేశీ ప్రతినిధులు, విలేకరులు నిండి ఉన్నారు. తెర వెనక మంత్రిగారు ఉపన్యాసం సాధన చేస్తూ, 'ప్రజలారా, పైకి రండి' అన్న చోట చేతులెత్తారు. కోటు వీపున మెడ నుంచి నడుము దాకా పర్రుమంది.

దర్జీ కోసం మనుషులు వీధిలోకి పరిగెత్తారు. మూడు షట్టర్ల మీదా బోర్డులు చదువుకుని తిరిగొచ్చారు. అప్పుడు డైరెక్టరుగారు వంగి వంగి ముందు వరసకు వచ్చారు.

"అమ్మా, సూది ఉందా?"

జిప్పులక్క మెడలో తాడు చూపించింది. సూదులడబ్బా దానికే వేలాడుతుంది.

తెర వెనక ఆమె కోటు చూసింది, మంత్రిగారి చేతులు చూసింది. "కుట్టేటప్పుడు సార్ సంతకం పెడితే చెయ్యి కదులుతుంది, కుట్టు పక్కకి జరుగుతుంది. సంతకాలేమైనా ఉంటే ముందే కానిచ్చెయ్యండి."

"ఇప్పుడేం సంతకాలమ్మా?" అన్నారు మంత్రిగారు విసుగ్గా.

"మిషను ముద్ర తీసే కాగితం సార్."

అవతల మంత్రిగారి పేరు రెండోసారి పిలిచారు. అధికారి గబగబా కాగితం రాశాడు. మంత్రిగారు చదవకుండా సంతకం చేశారు. కాగితం జాకెట్లో దోపుకున్నాక జిప్పులక్క సూదికి దారం ఎక్కించింది.

"ఇది కచ్చా కుట్టు సార్. పది నిమిషాలు ఆగుతుంది. చేతులు మాత్రం పైకెత్తకండి. రేపు పంపిస్తే మిషను మీద గట్టిగా కుట్టిస్తాను."

మంత్రిగారు అద్భుతంగా మాట్లాడారు. "ఈ అక్కను చూడండి! మా శిక్షణకు ముందు ఈమెకు సూది పట్టుకోవడం కూడా రాదు," అన్నప్పుడు హాలంతా లేచి నిలబడింది. ఆ ఊపులో ఆయన 'పైకి రండి' దగ్గర రెండు చేతులూ ఎత్తేశారు. మైకులో పర్రుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత మంత్రిగారు చిరునవ్వు చెదరకుండా, నమస్కారం వదలకుండా, వెనక్కి వెనక్కి నడుస్తూ వేదిక దిగారు. ప్రజలకు వీపు చూపించని నాయకుడని పొద్దున పత్రికలు రాశాయి.

ఒకటో తేదీ పొద్దున లక్క ముద్రలు ఊడాయి. తొమ్మిదింటికి యజమాని వచ్చేసరికి షట్టరు గదిలో రెండు మిషన్లూ ఆడుతున్నాయి. వెనకే వచ్చిన సెల్‌ఫోన్ల కొట్టతను గుమ్మంలోంచే వెనుదిరిగాడు. మేకుతో సహా పాత కార్డు కూడా కొత్త గోడకు చేరింది. ఆ గదిలో జిప్పులక్క అప్పటికి నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ తల వంచుకునే లేచింది.

పదింటికి బంట్రోతు మంత్రిగారి కోటు తెచ్చాడు. చెల్లెలి మిషను మీద అదే మొదటి పని.

మిషను ఎక్కించే ముందు జేబులు వెతకడం జిప్పులక్కకు అలవాటు. బస్సు టికెట్లు, ప్రేమలేఖలు, ఒకసారి కట్టుడు పళ్లు కూడా దొరికాయి. కోటు లోపలి జేబులో మడతలు నలిగిన కాగితమొకటి ఉంది. 'పరిశోధన ఫలితాలు: శిక్షణ పొందినవారిలో అభివృద్ధి 87 శాతం. పొందనివారిలో 11 శాతం.' కింద మంత్రిగారి సంతకం, తేదీ ఉన్నాయి. మే 30.

జిప్పులక్క తలెత్తి గోడ మీది కార్డు చూసింది. జూన్ 14.

"ఏంటక్కా అది?" అంది చెల్లెలు.

"ఏం లేదే. నల్ల దారం ఎక్కించు."

కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి జేబులో పెట్టేసింది. వీపు కుట్టడం అయ్యాక, ఆ జేబు మూతి మీద కూడా రెండు వరసలు గట్టిగా వేయించింది.

జేబుకు కూలి తీసుకోలేదు.