సగం చోటు

ఆదివారం పొద్దున్నే వంటింటి కుళాయికి కొత్త వాషరు వేద్దామని స్పానరు పట్టుకుని బయల్దేరిన బీమా సర్వేయరు పడగ్గది తలుపు దగ్గర ఆగిపోయాడు. లోపల భార్య తన తమ్ముడితో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. తగ్గించిన గొంతును వినకుండా దాటిపోవడం ఆయన వల్ల కాదు. గోదాము కాలిందంటే ముందు యజమాని చేతులకి కిరసనాయిలు వాసన ఉందేమో చూసే వృత్తి ఆయనది.

"పాతదాన్ని వెళ్ళగొట్టక్కర్లేదురా. ఓ పక్కన పడుంటుంది. కొత్తదానికి సగం చోటిస్తే చాలు," అంటోంది భార్య. "లేవడానికే బోలెడుసేపు పడుతోంది. లేచాక ఒకటే మూలుగు. ఏమడిగినా ఆలోచిస్తూ కూర్చుంటుంది. మీ బావకి మాత్రం తెలియనివ్వకు, రాద్ధాంతం చేస్తారు."

ఆ ఇంట్లో లేవడానికి సేపు పట్టేదీ, లేచాక మూలిగేదీ ఒక్కరే. వెనకగదిలో ఉండే ఆయన తల్లి. ఆవిణ్ణి పట్టుకుని 'పాతది' అనడమా? పైగా ఆవిడ గదిలో సగం ఎవరికి? ఇంకెవరికి, ఆ అక్కాతమ్ముళ్ళ అమ్మకే. పెళ్ళయిన నాటి నుంచి 'అత్తయ్యగారూ' అని తప్ప పిలవని భార్య మంచితనం మీద సర్వేయరు ఎప్పుడూ ఓ కన్నేసే ఉంచాడు. ఇప్పుడు రెండో కన్నూ వేశాడు.

మెట్ల కిందికి వెళ్ళి తన అక్కకి ఫోన్ చేశాడు.

"మరీ మెత్తగా మాట్లాడేవాళ్ళని నమ్మొద్దని నేను చెప్పలేదూ?" అంది అక్క. "బట్టలు సర్దించు. అమ్మని నేను తీసుకుపోతా."

తల్లి గదిలోకి వెళ్ళి, "కొన్నాళ్ళు అక్క దగ్గరుంటావా?" అనడిగాడు.

"ఇవాళ కుదరదురా," అంది తల్లి కంగారుగా.

"ఏం?"

"పనుంది," అని కిటికీ వైపు చూసింది.

బెదిరించి ఉంటారనుకుని, తానే బీరువా తెరిచి బట్టలు సంచిలో కుక్కాడు.

ఈలోగా బావమరిది వచ్చాడు. "అక్కని చూసి పోదామని," అంటూనే సర్వేయరు భార్యతో కలిసి కంప్యూటరు గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. వెనకే ఆయాసపడుతూ సర్వేయరు అక్క దిగింది. ఇద్దరూ తలుపుకి చెవులానించారు.

"సగానికి విడగొడుతున్నానే. మధ్యలో ఆగిందంటే పాతది బతకదు," అంటున్నాడు లోపల బావమరిది.

సర్వేయరు తలుపు బాదాడు. "ఒక్క నిమిషం," అన్నారు లోపలివాళ్ళు, కానీ గడియ తియ్యలేదు.

"మెయిన్ ఆపెయ్, వాళ్ళే బయటికొస్తారు," అంది అక్క.

ఆపేశాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. తలుపు తెరుచుకుని బావమరిది పాలిపోయిన మొహంతో వచ్చాడు. "పాతది పోయింది."

వెనకగదిలోంచి తల్లి ఎన్నడూ లేనంత వేగంగా వచ్చింది. "అయ్యో, మరి కొత్తది?"

"అమ్మ నిక్షేపంలా ఉందిగా. పోయిందెవరు?" అంది సర్వేయరు అక్క.

"మనిషి కాదు వదినగారూ," అన్నాడు బావమరిది. "కంప్యూటర్ని నడిపే సిస్టం. పాతది మొరాయిస్తోందని, దాని పక్కనే ఇంకోటి పెడుతున్నాం. ఏది కావాలంటే దాన్ని తెరుచుకోవచ్చు. డిస్కుని రెండు వాటాలు చేస్తుండగా ఎవరో కరెంటు తీసేశారు."

అందరూ సర్వేయరు వంక చూశారు. ప్రమాదం జరిగిన చోట ఆ చూపు తను చూడటమే తప్ప, తన మీద పడటం ఆయనకి అలవాటు లేదు.

"మరి నాకు తెలియనివ్వొద్దన్నావెందుకు?" అన్నాడు భార్యతో, కాస్త బింకంగానే.

"తను కాదురా, నేనే వద్దన్నాను," అంది తల్లి. "చూపులేని పిల్లల కోసం కథలు చదివి రికార్డు చేస్తున్నా. సరిగ్గా రాక్షసుడు చచ్చే చోటికొచ్చేసరికి నీ పాతది ఆగిపోతోంది. నీతో చెబితే ఎవరు నేర్పారు, ఎవరికి పంపుతున్నావు అని కోర్టు పెడతావు."

సర్వేయరుకి అప్పుడు తన గొడవ గుర్తొచ్చింది. "నా రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. కాలిన గోదాముది రేపిచ్చెయ్యాలి."

"ముందే వేరే డ్రైవులోకి తీసిపెట్టాను, అలా చెయ్యమంది మా అక్కే," అన్నాడు బావమరిది.

సర్వేయరు భార్య వైపు చూడలేకపోయాడు. తల్లి బట్టలు సంచిలోంచి తీసి, ఒక్కొక్కటే మడతపెట్టి బీరువాలో సర్దాడు.

సాయంత్రానికి డిస్కు మొత్తం కొత్తదానికే ఇచ్చేశారు. రిపోర్టు పూర్తి చేద్దామని సర్వేయరు కుర్చీలో కూర్చుంటే తెర, తల్లి పెట్టుకున్న పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డ్ ఏంటమ్మా?"

తల్లి కొడుకుని ఎగాదిగా చూసింది. "ఎందుకు?"

"రిపోర్టు రాసుకోవాలి."

"సరే, నేను కొడతాలే. నువ్వటు తిరుగు."

సర్వేయరు లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.