కాలిన కోటుకు రెండో సాక్షి

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, దేవుడికో దండం, బస్సు, పదకొండు గంటలకు కాలేజీలో కమిటీ ముందు తన పరిశోధన ప్రతిపాదన చదవడం. పిల్లలు కాస్త ఎదిగాక మొదలుపెట్టిన చరిత్ర ఎం.ఏ.లో ఆఖరి మెట్టు సిద్ధాంత వ్యాసం. దాని ప్రతిపాదన ఇప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారీ తిరిగొస్తే సీటు పోతుంది.

విషయం మంచిదే. ఒకప్పుడు ఊళ్ళో నడిచి మూతపడిన ఆవిరి లాండ్రీ, అందులో ఇస్త్రీ చేసిన ఆడవాళ్ళు. అత్తగారు అక్కడ ఇస్త్రీ పెట్టె తోసే పిల్లల్ని పెంచింది. ఆవిడ చెప్పిందంతా కోడలు ఫోనులో రికార్డు చేసుకుంది. కానీ కమిటీ పెద్దను విద్యార్థులు 'సాక్ష్యం మేష్టారు' అని ఊరికే పిలవరు. రెండుసార్లూ ఆయనది ఒకటే మాట. "ఒక్కరు చెబితే అది జ్ఞాపకం. రెండో మనిషేదమ్మా?"

రెండో మనిషి ఉంది. చిక్కంతా అదే. అత్తగారి తోడికోడలు, అదే వీధి చివర ఉండే చిన్నత్తగారు, లాండ్రీలో పక్క బల్ల మీదే ఇస్త్రీ చేసింది. ఎవరో పెద్దమనిషి కోటు వీపున పెట్టె ఆకారంలో కాలిపోయిన నాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. "దాన్ని అడిగావంటే నా గొంతు నీ ఫోనులో ఉండటానికి వీల్లేదు" అని అత్తగారు ముందే షరతు పెట్టింది. అందుకని కోడలు దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుని, "రెండో సాక్షిని నువ్వే చూపించు స్వామీ" అని వేడుకుంది. ఎలాంటి సాక్షి కావాలో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

కళ్ళు తెరిచేసరికి అత్తగారు ఎదురుగా ఉంది.

"ఏదీ, నా గొంతు ఓసారి వినిపించు. పదిమందిలో పెడతావు కదా."

వినిపించింది. ఆవిడ తన మాటలకు తానే తలాడిస్తూ మురిసిపోయి, చివరికొచ్చేసరికి గతుక్కుమంది. ఫోనులో తన గొంతే అంటోంది: "కోటు తగలబెట్టింది మా తోడికోడలే. పెట్టె దానిమీద వదిలేసి షికారుకు పోయింది. జీతంలో కోత మాత్రం ఇద్దరికీ."

"అది తీసెయ్యి. ఇంటి గుట్టు కాలేజీకెందుకు?"

"ఇప్పుడా అత్తయ్యా? బస్సుకి వేళవుతోంది."

"ఇటివ్వు. కత్తిరించడం నా పనేగా" అన్నాడు దర్జీ అయిన భర్త.

గుడ్డను కత్తిరించినంత ఒడుపుగా కత్తిరించాడు. మంచి ముక్క భార్య ఫోనుకు చేరింది. ఆమె బస్సెక్కేసింది. ఆ తరవాత మిగిలిన ముక్కను పారెయ్యబోతే వేలు జారింది. అది వెళ్ళి బంధువులందరూ ఉన్న గ్రూపులో పడింది. అతను దాన్ని వెనక్కి లాగేలోపే ఫోను మోగింది.

"ఏరా, మీ అమ్మ గొంతు ఖణేల్మంటోందే. ఎవరికి చెబుతోంది?" అంది చిన్నత్తగారు.

"ఎవరికీ కాదు పిన్నీ. ఊరికే, కాలేజీలో, పదకొండింటికి..."

"కొత్త బిల్డింగా, పాతదా?"

"పాతది" అన్నాడు. అబద్ధమాడటం వాళ్ళ వంశంలో లేదు. ఉంటే ఆ రోజు పనికొచ్చేది.

"దానికి దారి కూడా చెప్పావుట్రా?" అంది అత్తగారు. "నేను లేకపోతే నోటికొచ్చిందల్లా రాయించేస్తుంది. బండి తియ్యి."

బస్సులో కోడలి సంచిలో ఫోను బుర్రుబుర్రుమంటూనే ఉంది. చదవాల్సింది మనసులో వల్లెవేసుకుంటున్న ఆమె దాన్ని తీసి చూడలేదు.

కమిటీ గదిలో సాక్ష్యం మేష్టారు రికార్డు విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బాగుంది. రెండో మనిషి?"

ఉందంటే ఇంట్లో నిప్పు. లేదంటే చదువుకు నీళ్ళు. "దొరకలేదండీ" అంది కోడలు. ఆ మాట తన చెవులకే దొంగమాటలా వినిపించింది.

మేష్టారు ఎర్రకలం మూత తీశారు.

"ఎందుకు దొరకనమ్మా? మీ వీధిలోనే కదా ఉంటున్నాను" అంటూ ఆయాసపడుతూ చిన్నత్తగారు లోపలికొచ్చింది. వెనకే అత్తగారు, ఆవిడ వెనక హెల్మెట్టు తియ్యడం మరిచిపోయిన దర్జీ.

"అయ్యా, కోటు కాలింది బాయిలరు పక్క బల్ల మీద. ఆ బల్ల దీనిది" అంది అత్తగారు.

"నాది కిటికీ పక్కది. బాయిలరు పక్కది నీదే అక్కా. ఆ వేడికే కదా నీకు రోజూ తల తిరిగేది?"

"నాకు తల తిరిగేది నీ మాటలకి."

భూమి చీలితే బాగుండునని కోడలు నేల వైపు చూసింది. అది చీలేలా లేదు. మేష్టారు మాత్రం గబగబా రాసుకుంటున్నారు.

"ఆగండాగండి. బల్లలు ఎవరు పంచేవారు?"

"మేస్త్రీ" అంది అత్తగారు.

"మేస్త్రీ పెళ్ళాం" అంది చిన్నత్తగారు.

మేష్టారి మొహం వెలిగిపోయింది. "ఒక్క మాటా కలవడం లేదు. ఇదమ్మా నేనడిగింది." ఎర్రకలంతో పాత శీర్షిక కొట్టేసి, 'ఆవిరి లాండ్రీలో కాలిన కోటు: ఇద్దరు ఇస్త్రీ కార్మికుల వివాదం' అని రాసి సంతకం పెట్టారు. "ఈ వివాదమే నీ సిద్ధాంత వ్యాసం. ఆరు నెలలు గడువు."

ఆఫీసులో ముద్ర వేయించుకుని కోడలు బయటికొచ్చేసరికి, బస్టాపు బెంచీ మీద తోడికోడళ్ళిద్దరూ ఒకరినానుకుని ఒకరు కూర్చున్నారు. అత్తగారు కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇది షికారుకు పోలేదుటే. ఆవిరికి నేను స్పృహ తప్పి పడిపోతుంటే, పెట్టె ఎక్కడ పెడుతున్నదీ చూసుకోకుండా పరిగెత్తుకొచ్చి పట్టుకుందిట. కళ్ళు తెరిచాక నాకు కనబడింది కాలిన కోటే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం చిన్నత్తయ్యా?"

"మీ అత్త అడిగిందా? అడక్కుండా చెబితే సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుంది."

కోడలు మనసులోనే దండం పెట్టుకుంది. అడిగిన సాక్షిని పంపాడు. అడగని పుణ్యమూ చేసిపెట్టాడు. తప్పు పట్టడానికి లేదు. కాకపోతే ఆ రెండోది కొన్నాళ్ళు ఆగి చేస్తే ఆయనకేం పోయేదో తెలియలేదు.

"రాసుకో అమ్మాయ్" అంది అత్తగారు, "ఇకనుంచి మా ఇద్దరిదీ ఒకటే మాట."

కోడలు చేతిలోని కాగితం వైపు చూసుకుంది. ఎర్ర సిరా ఇంకా ఆరలేదు. ఆరు నెలలు రాయాల్సిన వివాదం బస్సు వచ్చేలోపే తీరిపోయింది.