చపాతీ కర్రతో ఒత్తిన మల్లెలు

టప్... టప్... టప్ టప్ టప్.

చీకటి పూర్తిగా విడవకముందే ఆ చప్పుడు మగ్గం గదిలోంచి వచ్చింది. మగ్గం చప్పుడు కాదది. వరంగల్ కాశిబుగ్గలో మగ్గాల నడుమ పెరిగిన చెవి ఆ తేడాను నిద్రలో కూడా పట్టేస్తుంది. పైగా ఆ ఇంటి మగ్గం మూగబోయి చాలా కాలమైంది. సారయ్యకు మోకాళ్లు మొరాయించాయి, చూపు మందగించింది. చేతులు మాత్రం ఊరుకోలేక అప్పుడప్పుడూ ఆ కర్రల మీది దుమ్ము తుడిచి వస్తుంటాయి. ఇప్పుడా మగ్గం పక్కన, పాత జంపఖానా ముక్క మీద కూర్చుని, ఆయన కోడలు సుకన్య తెల్లటి మట్టి ముద్దను పలక మీద కొట్టి కొట్టి మెత్తన చేస్తోంది.

బట్టీ అడగని మట్టి అది, ఎండ కూడా అడగదు. గాలి తగిలితే ఆరుతుంది, ఆరితే గట్టిపడుతుంది, గట్టిపడితే మల్లెపువ్వవుతుంది, బంతిపువ్వవుతుంది, చెవికి కమ్మవుతుంది, మెడకు హారమవుతుంది. హన్మకొండలో ఎవరో పెళ్లికూతురు ఫోన్లో సుకన్య చేసిన కమ్మలు చూసి ముచ్చటపడి, పసుపు వేడుకకు నిలువెత్తు మల్లెల సొమ్ములు కావాలని అడిగింది. సాయంత్రం వాళ్లు వచ్చి తీసుకెళ్తారు. అన్నీ ఆరిపోయాయి, హారానికి చివర వేలాడే మొగ్గలు మాత్రం మిగిలాయి. అత్త లేవకముందే వాటిని ఒత్తి, చిల్లులు పెట్టి, ఆరబెట్టి, కర్రను కడిగి యథాస్థానంలో పెట్టేయాలి. సుకన్య వేసుకున్న పథకం అంతే.

చిక్కంతా ఆ కర్రలోనే ఉంది. అది సమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చపాతీ కర్ర. నడుము లావుగా, చివరలు సన్నగా, చేతి చెమటకు నున్నబడి, నల్లటి మెరుపు తేలి ఉంటుంది. మట్టిని అంత సమంగా పరిచే వస్తువు బజారంతా వెతికినా సుకన్యకు దొరకలేదు. ఒకసారి ఆ కర్ర చివర తెల్ల మరక కనబడినప్పుడు సమ్మమ్మ వంటింటి గడపలో నిలబడి తీర్పు చెప్పేసింది. "నోట్ల వెట్టుకునే రొట్టెకు మన్ను తాకిస్తవా? ఇంకోసారి నా కర్ర గా మన్ను మీద కనవడ్డదో, నీ డబ్బాలు, నీ రంగులు, అన్నీ తీస్కపోయి మోరీల పారేస్త. మల్ల నన్ను అనొద్దు." సమ్మమ్మ అన్న మాట తప్పే మనిషి కాదు. అందువల్ల సుకన్యది ఇప్పుడు కత్తి అంచు మీద నడక.

చివరి మొగ్గకు సూదితో చిల్లు పెట్టాలంటే ఒక చేత మొగ్గ పట్టుకోవాలి, ఇంకో చేత సూది పట్టుకోవాలి. దానికి అతికించవలసిన ఆరిన రేక ఎక్కడ పెట్టాలి? ఈ పని చేసేవాళ్లందరూ పెట్టే చోటే పెట్టింది. పెదవుల మధ్య.

సరిగ్గా అప్పుడే తలుపు కిర్రుమంది.

"ఏం జేస్తానవ్ బిడ్డా, గింత పొద్దుగాల?"

సుకన్య చేతులు రెండూ మొగ్గనూ సూదినీ వదిలి, కర్రను అందుకుని వీపు వెనక్కి పోయాయి. పెదవులు మూసుకుపోయాయి, వాటితోపాటు రేక కూడా.

"ఏందది నోట్లె?"

"ఏం లే... అత్తమ్మా." ఆ రెండు మాటల నడుమ కరకరమని ఒక చప్పుడు వినబడింది. పంటి కింద మల్లె రేక మరణించింది.

సమ్మమ్మ దగ్గరకు వచ్చింది. కోడలి పెదవుల మీది తెల్లటి పొడి చూసింది. పలక మీది మట్టి చూసింది. మళ్లీ పెదవులు చూసింది. మొదట ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, తర్వాత విడిపోయాయి, ఆ తర్వాత మొహమంతా దీపం వెలిగించిన గూడులా అయింది.

"మన్ను తింటానవా?" అని గుసగుసగా అడిగింది.

తింటున్నానంటే ఒక తంటా. తినడం లేదంటే, మరి చేస్తున్నదేమిటో చూపించమంటుంది, వీపు వెనక కర్ర బయటపడుతుంది. సుకన్య తల వంచుకుంది. తెలుగు దేశంలో పెళ్లయిన పిల్ల మన్ను తిని తల వంచుకుంటే దానికి ఒక్కటే అర్థం. ఆ అర్థం ఎంత పెద్దదో సుకన్యకు తట్టేసరికి సమ్మమ్మ ఆమె తలను తన పొట్టకు హత్తుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

"సిగ్గెందుకే పిచ్చిదానా! మీ ఆయన కడుపుల ఉన్నప్పుడు నేను గోడ సున్నం గీకి తిన్న. మా అత్త చూసి నవ్విందిగని ఒక్క మాటనలే."

"అత్తమ్మా, గది కాదు. నేనొక తప్పు జేసిన..."

"తప్పేందే? పెండ్లయినంక గిది తప్పెట్లయితది?"

కోడలి నోటికి ఆ మన్ను మంచిదో కాదో తెలుసుకోవడం పెద్దదానిగా తన బాధ్యత అనుకుంది కాబోలు, సమ్మమ్మ పలక మీది నుంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. కాసేపు చప్పరించింది. "చప్పగున్నది. మన చెరువు మన్నుకున్న వాసన దీనికి లేదు. మొగిలమ్మతోని మంచిది తెప్పిస్త, జర ఓపిక పట్టు."

మొగిలమ్మ పక్కింటావిడ. ఆమెకు ఒక మాట చెప్పడమంటే వాడకట్టుకంతా చెప్పడమే, అదీ ఆమె పాలవాడి కోసం బయట నిలబడ్డ వేళ. పొద్దెక్కేసరికి ఒకరు చింతకాయ తొక్కు తెచ్చారు, ఒకరు పుల్ల రేగుపండ్లు తెచ్చారు, ఒకరు ఏమీ తేకుండా సలహాలు తెచ్చారు. సుకన్యను మంచం మీద కూర్చోబెట్టి, వీపు వెనక రెండు దిండ్లు పెట్టి, కాళ్లు కింద పెట్టనివ్వలేదు. చపాతీ కర్ర మాత్రం ఆమె చీర మడతల్లో, నడుముకు ఆనుకుని, తుపాకిలా దాక్కుని ఉంది.

"ఎడమ పక్కకు ఒరిగి కూసున్నది సూడుండ్రి, మొగపిలగాడే," అంది మొగిలమ్మ.

ఒరగకపోతే కర్ర గుచ్చుకుంటుంది. సుకన్య ఆ రహస్యాన్ని చింతకాయ తొక్కుతోపాటు మింగింది.

ఇంతలో ఫోన్ మోగింది. భర్త భానుచందర్. డోర్నకల్‌లో రైల్వే పని. తెల్లవారుజాము బండికే వెళ్లిపోయాడు. తల్లి కొడుక్కు ఎప్పుడు చెప్పిందో, ఆ కొడుకు ఎందరికి చెప్పాడో, అవతల నుంచి మాటల కన్నా ముందు నవ్వులు వినబడ్డాయి.

"సుకన్యా! నాకు జెప్పకుంట అమ్మకు ముందు జెప్తవా?"

"జర పక్కకు పొయ్యి మాట్లాడు," అంది సుకన్య నోటికి చేయి అడ్డం పెట్టుకుని. "అదంత అబద్ధం. నేను కమ్మలు జేసుకుంటాన, మీ అమ్మ సూసి ఇంకేదో అనుకున్నది."

అవతల నవ్వులు దూరమయ్యాయి. భానుచందర్ గొంతు తగ్గింది. "అబద్ధమా? ఇప్పుడే ప్లాట్‌ఫారం మొత్తం బాలుషాలు పంచిన. మా సూపర్‌వైజర్ రెండు తిన్నడు. ఇప్పుడు వాపస్ అడుగుమంటవా?"

"నవ్వులాట గాదు. అత్తమ్మకు నువ్వు జెప్పు."

"అమ్మకు నేనా? తల్లీ, నేను నైట్ డ్యూటీ వేయించుకుంట, నువ్వే చెప్పు," అని ఆ ధైర్యశాలి ఫోన్ పెట్టేశాడు.

అది చాలదన్నట్టు నర్సంపేట నుంచి సుకన్య తల్లి కట్టమ్మ ఫోన్ చేసింది. సాయంత్రం బస్సుకే వస్తున్నానని, బిడ్డను వెంట తీసుకుపోయి కొన్ని నెలలు తన దగ్గరే ఉంచుకుంటానని చెప్పింది. సమ్మమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని, "తీస్కపో వదినె, నీ బిడ్డ నీ ఇష్టం, నేనొద్దంటనా," అంది నవ్వుతూ. ఫోన్ పెట్టేశాక, కడిగిన పళ్లేన్నే మళ్లీ కడిగింది. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది. సుకన్య మంచం మీద నుంచి అది చూసింది కానీ, గుచ్చుకుంటున్న కర్రను సర్దుకోవడంలో పడి అదెందుకో ఆలోచించలేదు.

మధ్యాహ్నానికి సారయ్య వచ్చి మంచం కోడు దగ్గర నిలబడ్డాడు. వెనక ఇద్దరు వడ్రంగులు, సుత్తులతో.

"బిడ్డా, ఒక మాట. గా మగ్గం గది ఉత్తగనే పడున్నది. మగ్గం ఇప్పేస్తే గాలి, ఎలుతురు మంచిగొస్తది. మనుమనికి గాడ ఉయ్యాల కడ్త." ఆ మాటలు చెప్పేటప్పుడు సారయ్య ఎవరి మొహమూ చూడలేదు, కిటికీ చువ్వలతో చెప్పాడు. "ఎప్పటికన్న ఇప్పేదే, గదేదో ఇయ్యాల్నే ఇప్పుత. కర్ర మంచిగున్నది, మంచి ధర వస్తదన్నరు."

సుకన్య మగ్గం గది వైపు చూసింది. ఆ మగ్గం కింద నీడలో, జంపఖానా ముక్క మీద, పెళ్లికూతురి మల్లెలు ఆరుతున్నాయి. కానీ ఆ క్షణాన ఆమెకు కనబడింది మల్లెలు కాదు, దుమ్ము తుడిచి వచ్చే ఆ ముసలి చేతులు. తన పంటి కింద నలిగిన ఒక్క రేక, ఇప్పుడు ఒక మనిషి బతుకంతా కూర్చున్న మగ్గాన్ని కూలదోస్తోంది.

"మామయ్యా, వద్దు!" అని మంచం దిగబోయింది.

"లేవకు బిడ్డా, దుమ్ము లేస్తది, నీకు పడది," అని సారయ్య వాకిలి దాటి మగ్గం గదిలోకి పోయాడు. కోడలికి దుమ్ము తగలకూడదని లోపలి నుంచి గొళ్లెం కూడా పెట్టుకున్నాడు. క్షణంలో సుత్తి చప్పుడు మొదలైంది.

ధన్... ధన్.

ఇక ఆగలేదు సుకన్య. మంచం మీద నిలువునా లేచి నిలబడింది. చీర మడతల్లోంచి చపాతీ కర్ర లాగి, అత్త ముందు పట్టుకుంది. దాని నడుము చుట్టూ తెల్లటి మట్టి పూత.

"ఇగో అత్తమ్మా, మీ కర్ర. మట్టి ఒత్తింది దీనితోనే. నేను మన్ను తినలే. కమ్మలు జేసుకుంటాన. రెండు చేతులకు పని ఉండి రేకును నోట్ల పట్టుకున్న, మీరొచ్చేసరికి భయపడి నమిలిన. కడుపు లేదు, ఏం లేదు. నా డబ్బాలు మోరీల పారేయుండ్రి, రంగులు పారేయుండ్రి, మగ్గం మాత్రం ఇప్పనియ్యకుండ్రి!"

మొగిలమ్మ నోట్లో పెట్టుకోబోయిన రేగుపండు చేతిలోనే ఆగిపోయింది. సమ్మమ్మ కర్రను చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. గోటితో మట్టి గీకి చూసింది. సుకన్య కళ్లు మూసుకుని పిడుగు కోసం ఎదురుచూసింది.

"అంటే," అంది సమ్మమ్మ నెమ్మదిగా, "మీ అమ్మ సాయంత్రం బస్సుకు రాదా?"

"రాకుంట చెప్త."

"నువ్వు నర్సంపేట పోవా?"

"పోను అత్తమ్మా."

సమ్మమ్మ మంచం అంచు మీద కూర్చుని, కట్టమ్మ ఫోన్ వచ్చినప్పటి నుంచి బిగబట్టుకున్న ఊపిరినంతా ఒక్కసారిగా వదిలింది. "బతికిచ్చినవ్ తల్లీ! నువ్వు వోతే ఈ ఇంట్ల నేనెవ్వలతోని కొట్లాడాలె? గా ముసలాయన పలుకడు, నా కొడుకు ఉండడు. మీ అమ్మ ఫోన్ జేసిన సంది పానం పానంల లేదు నాకు." కర్ర కోడలి ఒళ్లోకి విసిరేసింది. "కడుపు ఇయ్యాల గాకపోతే ఇంకోనాడు వస్తది, తొందరేంది? దీన్ని నువ్వే ఉంచుకో. రొట్టెలకు వేరేది కొంట. మన్ను మెత్తిన కర్రతోని నాకు రొట్టె దిగది."

సుకన్య ఆ కర్రను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

ధన్... ధన్... ధన్.

"అయ్యో, మగ్గం!" అని సమ్మమ్మ లేచింది. ఇద్దరూ వాకిట్లోకి పరుగెత్తారు, వెనకే మొగిలమ్మ. తలుపు బాదారు. లోపల సుత్తి మోత, పాత కర్ర కీచుమంటున్న మోత.

"ఏమయ్యా! ఓ ఏమయ్యా! ఆపు!" అని అరిచింది సమ్మమ్మ.

"ఏందమ్మా?" అని లోపలి నుంచి ఒక వడ్రంగి పలికాడు. "మమ్ములనేనా?" అని రెండోవాడు అడిగాడు. జవాబు వినకుండానే ఇద్దరూ మళ్లీ సుత్తులెత్తారు. ఎవరినని ఆపాలి? భర్తను ఏనాడూ పేరు పెట్టి పిలవని ఇల్లాలికి "ఏమయ్యా" తప్ప వేరే పిలుపు లేదు. ఆ పిలుపు వడ్రంగులకు కూడా సరిగ్గా సరిపోతుంది.

"భాను నాయినా!" అని మరోసారి ప్రయత్నించింది. సుత్తి మోతలో భాను ఎక్కడో, నాయిన ఎక్కడో కొట్టుకుపోయారు.

"అత్తమ్మా, పేరు పెట్టి పిలువుండ్రి!" అంది సుకన్య.

సమ్మమ్మ కోడలి వైపు చూసింది. మొగిలమ్మ వైపు చూసింది. ఆకాశం వైపు చూసింది. కొంగు నడుముకు చెక్కుకుని, నిండు బజారు వినేటట్టు గొంతెత్తింది.

"సారయ్యా!"

సుత్తులు ఆగాయి. కర్ర కీచు ఆగింది. వాడకట్టు మొత్తం ఆగినట్టయింది. గొళ్లెం తీసిన చప్పుడు, ఆ వెనక సారయ్య. జుట్టంతా దుమ్ము. రెండు చేతులా, బాలింత బిడ్డనెత్తుకున్నట్టు, జంపఖానా ముక్కనూ దాని మీది మల్లెలనూ ఎత్తుకుని ఉన్నాడు.

"పువ్వులు పగులుతయని తీసిన బిడ్డా. ఒక్కటన్న ఇరుగలే," అని కోడలికి అందించాడు.

"మగ్గమో మామయ్యా?"

"ఒక్క మేకు ఊడింది. అంతే."

"ఊడింది మల్ల కొట్టుండ్రి. మనుమడు లేడు, ఉయ్యాల లేదు," అంది సమ్మమ్మ. "కోడలు పువ్వులు జేసుకుంటాంది. దానికి గా మగ్గం నీడ కావాల్నట."

సారయ్యకు ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహంలో విచారం వెతుకుదామని మొగిలమ్మ ఎంతో ప్రయత్నించింది, దొరకలేదు. వడ్రంగుల వైపు తిరిగి, "ఇన్నరు గద! మేకు బిగియ్యుండ్రి, గట్టిగ," అన్నాడు. ఆ గొంతులో అంత ఉత్సాహం ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. తర్వాత కళ్లు చిట్లించి వీధి వైపు చూశాడు.

"ఇందాక నన్ను ఎవలో పేరు వెట్టి పిలిచిండ్రు. ఎవలు?"

ఒకసారి పోయిన మర్యాద రెండోసారి పోవడానికి మిగలదన్న ధైర్యంతో, ఈసారి నెమ్మదిగా, ఇంటివరకే వినబడేటట్టు, సమ్మమ్మ అంది:

"నేనే, సారయ్యా."