వెబ్‌సైటుకు సరిపోని యజమాని

వెబ్‌సైటు లేని దుకాణం లోకంలో లేనట్టే. ఈ పరమసత్యం తెలియక హీర్యా, కేసముద్రం మార్కెట్ యార్డు పక్కన రేకుల షెడ్డులో, ఏళ్ల తరబడి లేకుండానే ఉంటూ కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తూ వచ్చాడు. (లేని షెడ్డు ముందు అన్ని ట్రాక్టర్లు ఎందుకు ఆగేవో నిపుణులు ఇంకా తేల్చలేదు.)

అతన్ని ఉనికిలోకి తేవడానికి యుగేందర్ వచ్చాడు. డిజిటల్ వికాస సలహాదారు. ఆ సంగతి అతని కార్డు మీద అతనే అచ్చు వేయించుకున్నాడు.

"అన్నా, నువ్వంటే ఎవలికీ ఎర్కలేదు. వెబ్‌సైటు పక్కా ప్రొఫెషనల్‌గ చేసిస్త."

"నాకు మోటరంటే ఎర్కనే గదా, సాలదా?" అని హీర్యా నసిగాడు. భార్య తారి మాత్రం, "చేయించరాదూ, జర పేరన్న వస్తది" అంది. ఒప్పుకున్నాడు.

వెబ్‌సైటు వెలిసింది. అద్దాల మేడ, అందులో తెల్లకోటు తొడుక్కున్న దొర ఒకడు మోటారును చూసి చిరునవ్వు నవ్వుతున్నాడు. (కాలిన మోటారు ముందు నవ్విన మనిషి ఈ జిల్లాలో ఇతడే మొదటివాడు.)

"గీయనెవలు?"

"నువ్వే అన్నా. అంటే, నీ తరఫున. నీ ఫొటో పెడితే లుక్కు వస్తలేదు."

గిరాకీ నిజంగానే వచ్చింది. ఎక్కడో భూపాలపల్లి జిల్లా చిట్యాల నుంచి ఎల్లేశ్ అనే రైతు మోటారును ఆటోలో వేసుకొచ్చాడు. షెడ్డునూ, నూనె చేతులతో ఉన్న హీర్యానూ చూశాడు.

"తమ్మీ, సారు లేడా?"

"నేనే."

ఎల్లేశ్ ఫోను తీసి తెల్లకోటునూ ఇతన్నీ మార్చి మార్చి చూశాడు. "పరాచికాలొద్దు. ఆడ నా చేను ఎండుతున్నది" అని, మోటారు దించకుండానే వెళ్లిపోయాడు.

ఇంకొందరు కూడా అలాగే పోయాక యుగేందర్ విచారణ జరిపి లోపం కనిపెట్టాడు. వెబ్‌సైటు నియమాల ప్రకారమే ఉంది. షెడ్డే వెబ్‌సైటుకు అనుగుణంగా లేదు. వెంటనే ముందు భాగానికి అద్దం తలుపు బిగించారు. యుగేందర్ బామ్మర్ది సంపత్‌ను ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చోబెట్టారు. (మోటారుకూ మిక్సీకీ తేడా తెలియకపోయినా అతను బాగా తలూపుతాడు.) మధ్యలో తెర కట్టి హీర్యాను దాని వెనక్కి పంపారు.

మధ్యాహ్నం సద్ది తెచ్చిన తారి తెర ఎత్తి చూసింది. "గిదేంది, నీ దుకాణంల నువ్వే దాక్కున్నవ్?"

హీర్యా రాగితీగ చుట్టుకుంటూ పోయాడు.

మోటార్లు బాగయ్యాయి. రైతులు సంపత్‌కు దండాలు పెట్టి పోయారు. ఒకనాడు వెబ్‌సైటుకు మొదటి ఫైవ్ స్టార్ రివ్యూ వచ్చింది. యుగేందర్ ఉరికొచ్చి గట్టిగా చదివాడు:

"సారు బంగారం. మోటరు మస్తు నడుస్తున్నది. తెర ఎనుక ఎవడో ఊకె సప్పుడు చేస్తున్నడు. వాన్ని తీసేస్తే షాపు ఇంక ప్రొఫెషనల్‌గ ఉంటది."

చదవడం ముగించి, యుగేందర్ గంభీరంగా తెర వైపు తిరిగాడు.

"అన్నా, కస్టమర్ మాట కాదనలేం గదా."