ఎర్ర గుడ్లు తెల్లబోయిన కేసు

"ఈ కోయంబత్తూరులో నేరమనేది ఇంకా బతికుందంటే దానికి ఒకటే కారణం రా సంజీవీ. నాకు మిల్లులో షిఫ్టు ఉండాది!"

ఇలా ప్రకటించిన మహానుభావుడు డిటెక్టివ్ చెన్నకేశవన్. పీళమేడు మిల్లులో యంత్రాల కింద పడిన దూది పీచు ఊడ్చే ఉద్యోగం. తన పూర్వీకులు రాయలవారి వేగులని, ఆ రక్తం తన ఒంట్లో ఊరికే కూర్చోలేకపోతోందని చెప్పుకొనేవాడు. ఇంతవరకు ఆయన పట్టుకున్న నేరస్థులు ఇద్దరు. ఒకరు తపాలా జవాను, రెండోవారు సొంత మామగారు. ఇద్దరూ నిర్దోషులే. మామగారు మాత్రం ఇప్పటికీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

సంజీవి అదే మిల్లులో నూలు వడికేవాడు. చిన్నప్పటి స్నేహితుడు కాబట్టి వినక తప్పేది కాదు. కాని ఈసారి వినడానికి అతనికి సొంత కారణం ఉంది.

నూలు కొట్టు రంగనాథన్ తన పెరట్లో ముప్ఫై ఎర్ర కోళ్ళు పెంచుతున్నాడు. అవి పెట్టే ఎర్ర గుడ్లంటే ఆయనకు ప్రాణం. మిల్లు ఆఫీసర్ల బంగళాలకు బుట్టలో పెట్టి పంపి, వాళ్ళ మెప్పు కోసం వారమంతా కాచుకొనేవాడు. అలాంటిది ఆరు రోజులుగా బుట్టలోకి తెల్ల గుడ్లు వస్తున్నాయి. కోళ్ళను చూసేది సంజీవి పిన్నమ్మ మూకాయి. తేని ఊరి నుండి వచ్చిన విధవరాలు. ఆ పని సంజీవే ఇప్పించాడు. ఎర్రవి దొంగతనంగా అమ్ముకొని బజారు తెల్ల గుడ్లు బుట్టలో పెడుతోందని రంగనాథన్ వీధిలో నిలబడి నింద వేశాడు. శనివారంలోగా నిజం తేలకపోతే ఆమె పని పోవడమే కాదు, వీధి వీధంతా దొంగ అంటుంది.

"నాకు వదిలిపెట్టు," అన్నాడు చెన్నకేశవన్. సంజీవి వద్దని చెప్పబోయాడు. కాని అప్పటికే రంగనాథన్ కూడా ఇతన్నే పిలిపించాడు. ఊళ్ళో ఊరికే పనిచేసే డిటెక్టివ్ ఇతనొక్కడే మరి.

శుక్రవారం పొద్దున్నే విచారణ మొదలైంది. పగిలిన కళ్ళజోడులోంచి తీసిన అద్దంతో చెన్నకేశవన్ ఒక్కో కోడినీ పరీక్షించాడు. ఒక కోడి ఆ అద్దాన్ని పొడిచి తన అభిప్రాయం చెప్పింది. తర్వాత మూకాయి ముందు నిలబడి కనుబొమలు ముడిచాడు.

"వయసెంత?"

"నాకా, కోడికా?"

"ఎదురు ప్రశ్న వేస్తుండావు! అదే నేరస్థుల లక్షణం. ఎర్ర గుడ్లు ఎక్కడ దాచినావు?"

"కోడి పెట్టింది తీసినాను, అంతే. తెల్లగా ఏల పెడుతుండావని దాన్నే అడుగు. అయ్యా, నేను ఆరు దినాలుగా చెప్తా ఉండాను. ఈ కొత్త మేత వేసినప్పటి నుంచే దా ఇట్ల వస్తుండాది."

డిటెక్టివ్ పకపకా నవ్వాడు. "విన్నావా సంజీవీ? మేతంట! కేసును దారి తప్పించే పాత ఎత్తు!"

రంగనాథన్ మండిపడ్డాడు. "మేత మీద పళి వేస్తావా, తప్పంతా దానిదేనా? పక్క వీధిలో కోళ్ళు నెత్తురు పారి చస్తుంటే, బెజవాడ నుండి లారీలో తెప్పించినాను, మందు కలిపిన మేత! మూట మీద మన ఎళుత్తు చూడు, మన తెలుగు అక్షరాలు! తమిళ మూట పక్కనే ఉన్నా, నేను దీన్నే అడిగి తెప్పించినాను. కేశవా, దాంట్లో ఏమి రాసుండాదో చదువు."

అందరూ మూట చుట్టూ చేరారు. సంజీవీ చూశాడు. జిలేబీ చుట్టల్లాంటి అక్షరాలు నాలుగు వరుసలు. పుట్టినప్పటి నుండీ మాట్లాడుతున్న భాషే. కాని బడిలో చదివింది తమిళం. ఆ అక్షరాలు అతని మొహంలోకి చూస్తున్నాయి, అతనికి ఒక్కటీ తెలియదు. రంగనాథన్‌కూ తెలియదు. తెలియదని ఒప్పుకొనే ధైర్యం మాత్రం ఆ గుంపులో ఒక్కరికే ఉంది.

"నాకు చదువు రాదు. ఎవరైనా వచ్చినోళ్ళు చదవండి," అంది మూకాయి.

చెన్నకేశవన్ గొంతు సవరించుకొని వేలితో గీతలు తడిమాడు. "శ్రీ... శ్రీరస్తు. ఈ మేత తిను కోళ్ళు నిండు నూరేళ్ళు వర్ధిల్లును గాక. కంపెనీవాళ్ళ ఆశీర్వాదం!"

"ఆహా, మన భాషే భాష!" అని రంగనాథన్ మూటకు దండం పెట్టాడు.

సంజీవికి అనుమానం వచ్చింది. నాలుగు వరుసలకు ఆశీర్వాదం కాస్త తక్కువైనట్టుంది. కాని తనకూ రాని చదువు గురించి ఏ మొహంతో అడుగుతాడు? ఆ తర్వాత చాలా రోజులు ఆ సిగ్గు అతన్ని కొరికింది.

శనివారం పొద్దున పన్నాగం సిద్ధమైంది. "గుడ్లు మార్చేటప్పుడే దొంగ చెయ్యి పట్టుకోవాల," అన్నాడు చెన్నకేశవన్. "కోళ్ళ కొట్టాయిలో, ఈ పాకలో, ఎవరూ అనుమానించని వస్తువు ఏది? మేత మూట! నేనే మూటనవుతాను."

ఖాళీ అయిన గోనెసంచి మూతి కట్టి, అడుగు కోసి, తల మీదుగా దించి, కళ్ళకు రెండు రంధ్రాలు పెట్టడం సంజీవి వంతు. సంచికి ఇంకా మేత పిండి అంటుకొనుంది. కొట్టాయిలో కూర్చోగానే ముప్ఫై కోళ్ళూ ఆ నడిచొచ్చిన మేత మీద పడ్డాయి. "అయ్యో! ఆ! కడవుళే, దేవుడా!" అని మూట అరుస్తోంది. బయట మూకాయి చెంగు నోటికి అడ్డం పెట్టుకొంది. ఆ వారం రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

అప్పుడే రంగనాథన్ గుడ్లు తానే తీద్దామని లోపలికి వంగాడు. మూట ఒక్కసారి ఎగిరి ఆయన చెయ్యి పట్టుకొంది.

"చిక్కినావురా దొంగా!"

"అయ్యో దొంగ! దొంగ!" అని రంగనాథన్ గొడుగుతో బాదాడు.

దెబ్బలకు సంచి తిరిగిపోయింది. కళ్ళ రంధ్రాలు చెవుల దగ్గరికి పోయాయి, కళ్ళకేమీ కనబడలేదు. చెన్నకేశవన్ గుడ్డిగా పరిగెత్తి, ఇల్లు దాటి, కొట్టు దాటి, వీధిలో నూలు బేళ్ళు ఎక్కిస్తున్న గుంటూరు లారీకి గుద్దుకొని బోర్లా పడ్డాడు. వెనకే రంగనాథన్, సంజీవి, మూకాయి, సగం వీధి.

లారీ డ్రైవరు బీడీ పారేసి వంగి చూశాడు.

"ఏందయ్యో, ఈ మూట పరిగెత్తుద్దేంది?" ఆ వీపు మీద రాసింది గట్టిగా చదివాడు. "మందు కలిపిన కోడిపిల్లల దాణా. గుడ్లు పెట్టే కోళ్ళకు వేయరాదు. వేసినచో గుడ్డు పెంకు రంగు తగ్గును. ఆపిన కొద్ది దినములకు రంగు తిరిగి వచ్చును." తల ఎత్తాడు. "ఇంత లావు అక్షరాలతో రాస్తే, తొడుక్కొని తిరుగుతున్నారేందయ్యా?"

ఆ మాటల్లో ఒక్కటీ కొత్తది కాదు. చెవిన పడగానే ప్రతి ముసలమ్మకూ అర్థమయ్యాయి. కంటికి మాత్రం వారం రోజులుగా ఎవరికీ అందలేదు.

కింద మూటలోంచి గొంతు వచ్చింది. "అందుకే గదా సాక్ష్యాన్ని వీపున మోసుకొచ్చినాను! కేసు ముగిసింది!"

రంగనాథన్ నేల చూశాడు. "సరి సరి మూకాయీ, పోయి పని చూసుకో."

మూకాయి కదల్లేదు. "అయ్యా మొదలాళీ, దొంగ అన్నది వీధిలో. కాదన్నదీ వీధిలోనే చెప్పండి. చెప్పినంక పోతాను."

ఆయన చెప్పాడు. మొదటిసారి గొణిగితే మళ్ళీ చెప్పించుకొంది.

చెన్నకేశవన్‌కు అలాంటి ఇబ్బందులేవీ లేవు. సంచి విదిలించుకొని డ్రైవరు చెయ్యి పట్టుకొన్నాడు. "అన్నా, నా ఇంటి ముందర ఒక పలక ఉండాది. మన ఎళుత్తులో 'డిటెక్టివ్ చెన్నకేశవన్, మహా మేధావి' అని రాసిపో." డ్రైవరు సరేనన్నాడు. అంతలో మూకాయి ఆయన్ను పక్కకు పిలిచి చెవిలో ఏదో అంది. డ్రైవరు మీసం కింద నవ్వు దాచుకొని సుద్దముక్క తీశాడు.

మేత మార్చారు. వారం దాటాక గుడ్లు మళ్ళీ ఎర్రబడ్డాయి. సంజీవి ఆ గోనెసంచిని దండెం మీద వేసుకొని, డ్రైవరు చదివిన మాటలు గుర్తు చేసుకొంటూ, రోజూ షిఫ్టుకు ముందు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి నేర్చుకొన్నాడు.

ఒక సాయంత్రం చెన్నకేశవన్ ఇంటి ముందు ఆగి పలక చూశాడు. ఆ చుట్టలన్నీ తెలిసినవే. పెదాలు కదిలిస్తూ మెల్లగా కూడబలుక్కొన్నాడు. పుట్టి ముప్ఫై ఏళ్ళకు తన భాషలో అతను చదివిన మొదటి బోర్డు అది.

'గుడ్లు పెట్టే కోళ్ళకు వేయరాదు.'

"ఎట్ల ఉండాది రా నా పేరు?" అన్నాడు లోపలి నుండి మేధావి.

"బాగుండాది అన్నా," అన్నాడు సంజీవి. "చెరపొద్దు."