భుజాల మీద పూలు

స్పాకెన్‌బుర్గ్ అనే ఊళ్లో రేవు వీధిలో ఉండే లుబ్బెర్ట్‌కి ఇంకో పది రోజుల్లో డెబ్బయ్యేళ్లు నిండుతాయి. ఇన్నేళ్లలోనూ అతనికి లేనిదల్లా పసితనం ఫోటో ఒక్కటే. పుట్టినరోజు పిలుపు కార్డు మీద అదే వేయించాలని పంతం పట్టాడు.

అటక మీద అమ్మ బిస్కెట్ల డబ్బాలో దొరకనే దొరికింది. అమ్మ నవ్వుతోంది, ఒళ్లో పసివాడు. ఫోటో వెనక ‘లుబ్బెర్ట్’ అని ఉంది, తేదీ లేదు.

"నేనే!" అని గంతేశాడు.

"మీ అన్న పేరూ అదే కదయ్యా," అంది భార్య హెండ్రికా, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

నిజమే. మొదటి లుబ్బెర్ట్ రెండేళ్లకే రేవు నీళ్లలో పడి చనిపోయాడు. ఊరి ఆనవాయితీ ప్రకారం ఆ తర్వాత పుట్టిన ఇతనికి ఆ పేరే పెట్టారు. చిన్నప్పుడు ప్రతి శనివారం తన పేరున్న సమాధి మీద తనే కలుపు పీకేవాడు పాపం.

"బట్టలు చూసి ఏడాది చెప్పేస్తా, ఉండు." భూతద్దం, టేపు తెచ్చాడు. ఆ ఊరి ఆడవాళ్లు భుజాల మీద బిరుసుగా నిలబడేలా వేసుకునే గంజిగుడ్డ ఏటేటా వెడల్పవుతూ వచ్చింది. "ఇంత వెడల్పు పంతొమ్మిది వందల యాభైకి ముందు లేదు. నేను పుట్టింది ఆ ఏడే. తేలిపోయింది!"

"రెండు వేళ్ల తేడాకి అన్నని తోసేశావా?"

"నీకు గంజి తెలుసు. చరిత్ర తెలుసా?"

హెండ్రికా దుంపలు కడిగి పొయ్యి మీద పెట్టింది. నలభై కార్డులు అచ్చయ్యాయి. పోస్టు చెయ్యమని ఆమె చేతికే ఇచ్చాడు.

మర్నాడు ఆమె బల్ల మీద ఒక పాత నల్ల గంజిగుడ్డ పరిచింది.

"మీ అమ్మది. మొదటి బిడ్డ పోయిన రోజు నలుపు వేసుకుంది, తను పోయేదాకా మానలేదు. చివరి ఇరవయ్యేళ్లు గంజి పెట్టింది నేనే. ఇప్పుడు ఫోటోలో భుజాలు చూడు, చరిత్రకారుడా!"

పూలు. అరచేతంత గులాబీలు. వెడల్పు కొలిచిన మనిషి వాటిని చూడనేలేదు.

లుబ్బెర్ట్ కుర్చీలో కూలబడ్డాడు. "అయితే ఒళ్లో ఉన్నది అన్నే. నేను పుట్టాక ఒక్కరోజైనా పూలు వేసుకోలేదా అమ్మ?" ఏడుపు ఆగలేదు. కాసేపటికి గుర్తొచ్చి, "అయ్యో, కార్డులు!" అన్నాడు.

"సొరుగులో ఉన్నాయి. పోస్టు చేస్తేగా!"

అతను తల దించుకున్నాడు. ఆమె గుడ్డని అతని ముందుకి జరిపింది. ఎడమ భుజం దగ్గర వెలిసిన మచ్చ.

"ఎన్ని గుడ్డలు మార్చినా మీ అమ్మ దీన్ని మాత్రం పారెయ్యనివ్వలేదు. అడిగితే, 'పసివాడు పాలు కక్కాడే, ఉండనీ' అనేది. అప్పటికే మీ అన్న పోయి నలుపు వేసుకుందిగా, ఆ పసివాడు నువ్వే. నీ తర్వాత ఆవిడకి పిల్లల్లేరు."

లుబ్బెర్ట్ ఆ మచ్చ మీద భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఏ సంవత్సరమో మాత్రం చెప్పలేదు.