సెందూర మొక్కకు ఒట్టు

హోసూరులోని ఒక కాలనీలో, మామిడి మొక్క మీద జనం సామూహికంగా ఒట్టు వేసే మహత్కార్యం ఆమధ్య ఒక ఆదివారం దిగ్విజయంగా జరిగింది. మొక్క ఎత్తు జానెడు.

ఈ ఘనత తేజస్వినిది. పెళ్లయిన కొత్తలో, భర్త యోగేష్ ఉద్యోగం కోసం విజయనగరం నుంచి వచ్చిన పిల్ల. కృష్ణగిరిలో కొన్న సెందూర రకం మామిడిపండును ఇద్దరూ చెరోవైపు కొరికి తిన్నాక, టెంక పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. పెరట్లో పాతితే రాగిరంగు ఆకులతో మొలిచింది. పుట్టబోయే పిల్లలకు అదే రుచి చూపించాలి. అంతకుమించి ఆమెకు కోరికల్లేవు.

ఇంటి యజమానురాలు నంజమ్మ పెదవి విరిచింది. "టెంక చెట్టును నమ్మేకి కాదమ్మా. పులుపో, పీచో! అదే రుచి కావాలంటే ఒట్టు వేయించాల."

"ఎవరు వేయాలి ఆంటీ?"

"ఎవురైనా సరే, చెయ్యి మంచిదై ఉండాల. కావాల్సింది నేను తెస్తా," అంటూ ఆమె కావేరిపట్టణం అక్కగారింటికి బస్సెక్కింది.

కొబ్బరికాయ, కర్పూరం తెస్తుంది కాబోలనుకుంది తేజస్విని. పాటలు వింటే మొక్కలు ఎదుగుతాయని చదువుకున్న పిల్లకు, ఒట్టు కోరే మొక్క వింతగా తోచలేదు. ఇక మంచి చెయ్యంటే సంక్షేమ సంఘం అధ్యక్షులు శ్రీరంగప్పగారిదే. ఏ పనికీ వాడి దాన్ని ఆయన అరగదీయలేదు.

"సోదర సోదరీమణులారా! ఈ మొక్క మన కాలనీ కన్నబిడ్డ. దీని మీద కత్తి పడనియ్యమని ఒట్టు!" అని ఆయన గర్జించారు. ఆకులు చాలక, వెనక వరుసవాళ్లు ముందువాళ్ల భుజాల మీద ఒట్టేశారు. ఫొటోలు ఊరంతా తిరిగాయి. నీళ్లు పోయడం కార్యక్రమంలో లేదు.

సాయంత్రం నంజమ్మ తడిగుడ్డలో సెందూర కొమ్మ చుట్టుకుని దిగింది. "కత్తి ఇయ్యమ్మా, మొక్క తల కోయాల."

"అయ్యో, కోయకూడదు! ఒట్టు వేసేశాం!"

"యాడ? కట్టు ఏదీ?"

సంగతి విన్న నంజమ్మ నవ్వు ఆపుకోలేక గడపలో కూలబడింది. "ఈడ ఒట్టంటే అంటు కట్టేదమ్మా!"

కోస్తే కాలనీ మాట పోతుంది. కోయకపోతే కొమ్మ వాడి, ఆ రుచి పోతుంది. తేజస్విని కళ్లనీళ్లతో శ్రీరంగప్పగారింటికి పరుగెత్తింది.

ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "ఇంతేనా తల్లీ? ఒట్టు తప్పేదానికేం, అందరమూ వస్తాము. దినామూ నీళ్లు పోయమంటావేమోనని జడుసుకొంటిని!"

అందరూ వచ్చారు. కత్తి ఆయనే అందించారు. మళ్లీ ఫొటోలు దిగారు.

మొక్కకు మాత్రం మన పద్ధతులింకా తెలియవు. కట్టిన ఒట్టును గట్టిగా పట్టుకుని చిగురేసింది.